రిషభం మీద ఆగిన పాట

లీలావతి గారిని అమెరికాలో మా బాతెల్ ఊరి తెలుగువాళ్ళు ‘లంచ్ ఆంటీ’ అంటారు. ఎదురుగా అనరు. ఆమె పదిహేడేళ్ళు ఎలిమెంటరీ స్కూలు కిచెన్‌లో పనిచేశారు. జుట్టుకి వల టోపీ, చేతులకి గ్లవ్స్, పిల్లల ట్రేలో ఒక పిజ్జా ముక్క, పక్కన ఒక పాల డబ్బా. భర్త పరంధామయ్య గారు ల్యాబుల్లో వాడే మెషీన్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సొంత ఇల్లుంది, రెండు కార్లున్నాయి. అలాంటి ఇంటి ఇల్లాలు పిల్లల ఎంగిలి ట్రేలు కడగడం ఏమిటని మా షాపుకొచ్చే ఆడవాళ్ళు కొత్తిమీర కట్టలు ఏరుకుంటూ అనుకునేవారు. “ఏం ఖర్మో పాపం,” అనేవారు. వెనక గదిలో కరివేపాకు కవర్లలో సర్దుతూ నేను వినేదాన్ని.

ఆ ఖర్మ గురించే రాస్తున్నాను.

నేను చదువుకున్నదాన్ని కాదు. పదకొండో గ్రేడులో ఉండగా అమ్మకి జబ్బు చేసింది. దగ్గరుండి చూసుకోవాలని స్కూలు మానేశాను. అమ్మ లేచి తిరిగే నాటికి నా ఈడు వాళ్ళు కాలేజీలకి వెళ్ళిపోయారు, నేను నాన్న పనిచేసే ఇండియన్ గ్రోసరీలో చేరిపోయాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. చూడటం మాత్రం వచ్చు. ఈ ఆరేళ్ళలో నేను ఎక్కువగా చూసింది లీలావతి గారినే.

ఒక రోజు ఆమె బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి ఎడమచేతి వేళ్ళతో బియ్యం బస్తా మీద ఏదో నొక్కుతున్నారు. వేళ్ళు ఒక వరసలో వెళ్తున్నాయి, వెనక్కి వస్తున్నాయి, మధ్యలో ఒకచోట చటుక్కున తడబడి మళ్ళీ నిలబడుతున్నాయి. నేను చూస్తూ ఉండిపోయాను. నాకు తెలియకుండానే నా వేళ్ళు కూడా కౌంటర్ మీద కదిలాయి. ఆ తడబాటుతో సహా.

ఆమె నా చెయ్యి చూశారు. “నీ పేరేంటమ్మాయ్?”

“వేద.”

“ఎక్కడ నేర్చుకున్నావ్?”

“ఏమీ నేర్చుకోలేదండి. మీ వేళ్ళు చూశాను.”

“ఆదివారం మా ఇంటికి రా,” అన్నారు. పిలిచినట్టు లేదు, పని అప్పజెప్పినట్టు ఉంది. వెళ్ళాను.

వాళ్ళ హాల్లో సోఫా మీద మాండలిన్ ఉంది. అంతకుముందు నేను ఫోటోల్లో తప్ప చూడలేదు. సొరకాయని నిలువునా కోసినట్టు చిన్న పెట్టె, ఎనిమిది తీగెలు, రెండేసి జంటగా. అది లీలావతి గారి నాన్నగారిది. ఆయన తణుకులో రేడియోలు బాగుచేసేవారట, పెళ్ళిళ్ళ సీజన్లో ఆర్కెస్ట్రాలో మాండలిన్ వాయించేవారట. కూతురికి సరళీ స్వరాల నుంచి వర్ణాల దాకా నేర్పారు. అమెరికా వచ్చేటప్పుడు ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారు. తెచ్చి అల్మారాలో పెట్టారు. పదిహేనేళ్ళు తీయలేదు.

“మరి ఎందుకు తీశారు?” అని అడిగాను.

“నేను తియ్యలేదు. మోరాగ్ తీయించింది.”

మోరాగ్ స్కూలు కిచెన్‌లో లీలావతి గారితో కలిసి పనిచేసిన ఆవిడ. స్కాట్లాండ్‌లో, సముద్రం ఒడ్డున ఒక చేపల ఊరు ఆవిడది. పంతొమ్మిదో ఏట ఇక్కడికి వచ్చేసింది. లీలావతి గారు పనిలో చేరేసరికే ఆవిడకి అరవై దాటాయి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఇద్దరిదీ గిన్నెలు కడిగే గదిలో పని. ట్రేలు పేర్చిన ర్యాకుని మెషీన్లోకి తోస్తే బయటికి రావడానికి నిమిషమున్నర పడుతుంది. ఆ నిమిషమున్నరా మోరాగ్ నోటితో ట్యూన్ పాడేది. మాటలుండవు. డిడిల్ డమ్, డీడిల్ డమ్ అని ఉత్త అక్షరాలే. నిమిషమున్నరలో ట్యూన్ రెండుసార్లు తిరిగేది. ఆవిర్లు కక్కుతూ ర్యాకు బయటికి వచ్చేది.

మొదట్లో లీలావతి గారికి నవ్వొచ్చేదట. నెల తిరిగేసరికి ఆ డిడిల్ డమ్ ఆమె చెవిలో స్వరాలుగా వినపడటం మొదలైంది. స రి గ ప ద. ఒక రోజు లంచ్ మెనూ కాగితం వెనక రాసుకున్నారు. మర్నాడు మోరాగ్ పాడుతుంటే ఈమె స్వరాలతో పాడారు. మోరాగ్ చేతిలో ఉన్న గరిటె దించి, “అవేం అక్షరాలు?” అంది.

“మా ఊరి డిడిల్ డమ్,” అన్నారు లీలావతి గారు.

ఆ వారమే అల్మారా తెరిచారు.

ఆ ట్యూన్‌కి పేరు లేదు. మోరాగ్‌కి వాళ్ళమ్మ ఇచ్చింది. వాళ్ళమ్మ హెర్రింగ్ చేపలు శుభ్రం చేసే కూలిమనిషి. పడవలు ఏ రేవుకి వెళ్తే ఆ రేవుకి వెళ్ళే ఆడవాళ్ళ గుంపులో ఉండేది. కత్తికి తెగకుండా వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని రోజంతా చేపలు కోసేవాళ్ళట. చేతులు ఖాళీగా ఉండవు, వాయించడానికి ఏమీ ఉండదు. అందుకని డాన్సు ట్యూన్లు కూడా నోటితోనే.

మాండలిన్ పట్టుకుని మొదటిసారి మోరాగ్ ఇంటికి వెళ్ళిన రోజు గురించి లీలావతి గారు చాలాసార్లు చెప్పారు. ట్యూన్ అంతా సరిగ్గా వాయించారు. ఆఖర్న చక్కగా షడ్జమం మీదకి వచ్చి నిలిపారు. మనం ఏ పాటయినా అలాగే ముగిస్తాం. ఎంత తిరిగినా చివరికి ‘స’ దగ్గరికి రావాలి. మోరాగ్ మొహం ముడుచుకుంది.

“తలుపెందుకు వేశావ్?”

“పాట ఇంటికి రావాలి కదా.”

“ఎవరు చెప్పారు? ఇంటికొస్తే డాన్సు చేసేవాళ్ళు కూర్చుండిపోతారు. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ వెళ్ళిపోవాలి.”

ఆ ట్యూన్ రిషభం మీద, అంటే ‘రి’ మీద ఆగుతుంది. ఆగదు, అక్కడ కాలు పెట్టి మళ్ళీ మొదటికి దూకుతుంది. ఇది అర్థం కావడానికి లీలావతి గారికి ఒక్క క్షణం పట్టింది. వేలికి అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది. చిన్నప్పటి నుంచి చేసిన సాధన, ఆ వేలు దానంతట అదే ‘స’ మీదకి జారేది. జారినప్పుడల్లా మోరాగ్ చెక్క గరిటెతో వేలి మీద ఒకటి వేసేది. “మా నాన్న కూడా కొట్టలేదు తెలుసా,” అని ఆమె ఇప్పటికీ నాకు ఆ వేలు చూపిస్తారు.

మోరాగ్ ఇంకా చాలా ట్యూన్లు ఇచ్చింది. పరుగెత్తే రీళ్ళు, పెళ్ళిలో నడిచే మార్చ్‌లు, తడబడి నిలబడే స్ట్రాత్‌స్పే డాన్సులు. ఏదీ కాగితం మీద ఇవ్వలేదు. వేటికీ ఏమీ పుచ్చుకోలేదు. రెండు షరతులు మాత్రం పెట్టింది. వాయించేముందు ఎవరిచ్చారో పేరు చెప్పాలి. ఎవరైనా అడిగితే లేదనకూడదు. ఆ షరతులతోనే ఆదివారాల్లో లీలావతి గారు అవి నాకూ నేర్పారు.

మూడేళ్ళ కిందట చలికాలంలో మోరాగ్ పోయింది. ఆ రోజు లీలావతి గారు చర్చిలో మోరాగ్ వాళ్ళమ్మ ట్యూన్ వాయించారు. నేను కేసు పట్టుకుని వెనక నిలబడ్డాను. మోరాగ్ కొడుకు వచ్చి, “ఇది మా అమ్మ ఎప్పుడూ పాడుకునేది. మేం ఎవరం నేర్చుకోలేదు,” అన్నాడు. ఇంటికి లీలావతి గారి కారులోనే వచ్చాను. మా ఇంటి ముందు దింపుతూ, “అయితే ఇక అది నా దగ్గరా నీ దగ్గరా తప్ప ఎక్కడా లేదన్నమాట,” అన్నారు.

ఆ మరుసటి ఏడే తెలుగు సంఘం వాళ్ళు ఆమెని అడిగారు. శనివారాలు కమ్యూనిటీ హాల్లో పిల్లలకి తెలుగు క్లాసులు జరుగుతాయి. పక్కన చిన్న గది ఖాళీగా ఉంది, మాండలిన్ నేర్పుతారా అని. సరేనన్నారు. ఆరుగురు పిల్లలు చేరారు. ఆరుగురికీ తీగెలు శ్రుతి చెయ్యడం నా పని. ఆరు ఎనిమిదులు నలభై ఎనిమిది తీగెలు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు నచ్చింది.

మొదటి ఏడు సరళీ స్వరాలు, జంట స్వరాలు, రెండు గీతాలు. పిల్లలు వచ్చేవారు, వాయించేవారు, గడియారం చూసేవారు. రెండో ఏడు సెప్టెంబరులో ఒక శనివారం క్లాసు మొదలవక ముందు లీలావతి గారు ఒక్కరే కూర్చుని మోరాగ్ వాళ్ళమ్మ ట్యూన్ వాయించుకుంటున్నారు. సాన్వి గుమ్మంలో నిలబడిపోయింది. పదేళ్ళ పిల్ల. సంఘం కల్చరల్ సెక్రటరీ అనురాధ గారి కూతురు.

“ఆంటీ, అది ఏంటి? అది ఎందుకు స్టాప్ అవ్వట్లేదు?”

“అది అంతే. ఆగదు.”

“నాకు అది కావాలి. నాకు టీచ్ చెయ్యి.”

లీలావతి గారు నా వైపు చూశారు. అడిగితే లేదనకూడదు. నేను సాన్వి మాండలిన్ శ్రుతి చేసి ఇచ్చాను.

రెండు వారాల్లో మిగతా అయిదుగురూ అడిగారు. లీలావతి గారు ముందు స్వరాలతో పాడించేవారు, తర్వాత తీగె మీద. గీతాలు పాడేటప్పుడు నీళ్ళు నమిలే పిల్లలు ఈ స్వరాలని గొంతెత్తి పాడేవారు. విచిత్రం ఏమిటంటే వాళ్ళలో ఒక్కరి వేలు కూడా ‘స’ మీదకి జారలేదు. ఇంకా అలవాటు కాలేదు కదా. ఒక్క గరిటె దెబ్బ లేకుండా ఆరుగురూ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారు. లీలావతి గారికి అసూయ వేసినట్టుంది. “చూడు వెధవల్ని,” అన్నారు మురిపెంగా.

సంక్రాంతి అయ్యాక ఒక శనివారం, పిల్లలు వెళ్ళాక, సంఘం ప్రెసిడెంటు విశ్వనాథం గారూ అనురాధ గారూ గదిలోకి వచ్చారు. నేను కేసులు సర్దుతున్నాను. నేను ఉన్నట్టు ఎవరూ గమనించరు, అది నాకు అలవాటే.

“లీలావతి గారూ, మీరంటే మాకందరికీ రెస్పెక్టండి,” అన్నారు విశ్వనాథం గారు కుర్చీ లాక్కుని. “దయచేసి మిస్అండర్‌స్టాండ్ చేసుకోవద్దు. పేరెంట్స్ పిల్లల్ని ఇంత దూరం డ్రైవ్ చేసి తెచ్చేది మన కల్చర్ నేర్చుకోడానికి. స్కాట్లాండ్ కల్చర్ కావాలంటే వాళ్ళకి వేరే ప్లేసులున్నాయి కదా.”

“ఎక్కడున్నాయండీ?” అన్నారు లీలావతి గారు. “నేను వెతికాను, దొరకలేదు. ఉంటే అడ్రసివ్వండి, నేనూ వెళ్తాను.”

అనురాధ గారు మధ్యలోకి వచ్చారు. “ఆంటీ, అది కాదు. సాన్వి ఇంట్లో పొద్దస్తమానం ఇదే వాయిస్తోంది. ఉగాదికి కీర్తన రెడీ అయిందా అంటే, మామ్ ఇది వినూ అంటుంది. స్టేజీ మీద ఏం పెట్టమంటారు చెప్పండి.”

“ఏది వినమంటోందో అదే పెట్టండి.”

విశ్వనాథం గారు కళ్ళు మూసుకుని ఏదో కూనిరాగం తీశారు. అంతకుముందు పిల్లలు వాయిస్తుంటే హాల్లోంచి విన్నట్టున్నారు. చిన్నప్పుడు ఆయన సంగీతం నేర్చుకున్నారని తర్వాత తెలిసింది. “ఆగండాగండి. స రి గ ప ద. ఇది మోహన కదండీ.”

“స్వరాలు అవే.”

ఆయన మొహం విప్పారింది. “మరి ప్రాబ్లమ్ ఏముంది? మోహన రాగం తిల్లానా అని అనౌన్స్ చేద్దాం. మీరూ హ్యాపీ, మేమూ హ్యాపీ. చివర్లో మాత్రం షడ్జమం మీదకి ల్యాండ్ చెయ్యండి. మరీ గాల్లో వదిలేసినట్టుంది.”

“మరి మోరాగ్ పేరు?”

“ఎవరావిడ?”

“నాకు ఇది ఇచ్చిన మనిషి.”

“దానికేం, ఇంట్లో దండం పెట్టుకోండి. స్టేజీ మీద ఎందుకు?”

“తిల్లానా కానిదాన్ని తిల్లానా అనను. ఆవిడ పేరు చెప్పకుండా వాయించను. తలుపు వెయ్యను.” లీలావతి గారు ఈ మూడూ గొంతు పెంచకుండా చెప్పారు, స్కూల్లో పిల్లలతో ఒక్కొక్కరికి ఒక్క పాల డబ్బాయే అని చెప్పినట్టు.

తలుపు ఏమిటో వాళ్ళకి అర్థం కాలేదు. ఇద్దరూ గది తలుపు వైపు చూశారు.

“ఆంటీ, ప్లీజ్,” అన్నారు అనురాధ గారు. గొంతు తగ్గించారు. “ఈ రూమ్ మళ్ళీ మీకివ్వాలా వద్దా అని బోర్డులో డిస్కషన్ నడుస్తోంది. యోగా వాళ్ళు అడుగుతున్నారు. ఒక్క పేరు కోసం క్లాసు పోగొట్టుకుంటారా? రూమ్ పోతే పిల్లలు చెదిరిపోతారు. ఇంకెక్కడికీ ఎవరూ పంపరు. నేనే పంపలేను.”

ఆ చివరి మాట దగ్గర లీలావతి గారి చెయ్యి మాండలిన్ మీద ఆగింది. గది ఒక లెక్కే కాదు ఆమెకి. పిల్లలు పోతే మళ్ళీ ఆ ట్యూన్ ఇద్దరి దగ్గరే ఉంటుంది. ఒకరికి అరవై రెండేళ్ళు. ఇంకొకరు ఎవరితోనూ మాట్లాడలేని మనిషి.

“ఆలోచించుకోండి,” అని విశ్వనాథం గారు లేచారు.

కారులో పరంధామయ్య గారు సంగతంతా విన్నారు. ఆయనకి సంగీతం రాదు, రాదని ఒప్పుకోరు. స్టీరింగ్ మీద తప్పు తాళం వేస్తూ, “పేరు చెప్పకపోతే ఏమవుతుందోయ్? ఆవిడ వచ్చి అడుగుతుందా?” అన్నారు.

ఇంటికి వెళ్ళాక లీలావతి గారు ఉప్మా కలుపుతూ గిన్నె పైకెత్తి ఆయన మొహం ముందు పెట్టారు. స్టీలు గిన్నె. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు.

“చదవండి.”

“వేడిగా ఉందే. జి. సూర్యకాంతం, తణుకు.”

“ఎవరీవిడ?”

“మన పెళ్ళికి ఇచ్చారు. మీ నాన్నగారి వీధిలో ఆవిడ అనుకుంటా. పోయారేమో కూడా.”

“ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఇందులో ఉప్మా తింటున్నారు. ఎప్పుడైనా ఆ పేరు అరగదీద్దామనిపించిందా?”

పరంధామయ్య గారు కొంచెంసేపు ఉప్మా చూశారు. “నేనేమీ అనలేదోయ్. జీడిపప్పు ఎక్కువేశావా?”

ఆ ఉప్మా నేనూ తిన్నాను. నా ప్లేటు అడుగున కూడా ఎవరిదో పేరుంది.

ఉగాది ప్రోగ్రాము హైస్కూలు ఆడిటోరియంలో. వెనక గదిలో పిల్లలు పట్టుబట్టలు సర్దుకుంటున్నారు, ఒకరి జడగంటలు ఒకరికి చిక్కుకుంటున్నాయి. నేను నలభై ఎనిమిది తీగెలూ శ్రుతి చేశాను, లీలావతి గారివీ నావీ కలిపి అరవై నాలుగు. నన్ను చివర్న కూర్చోమన్నారు. మైకుకి దూరంగా ఉంటాననే షరతు మీద కూర్చున్నాను.

లీలావతి గారు ఏం చెయ్యబోతున్నారో అనురాధ గారికి తెలియదు. ఆమె ఒప్పుకున్నారనే అనుకున్నారు. రెండు నెలలుగా లీలావతి గారు ఏమీ అనకపోవడమే దానికి కారణం. మనవాళ్ళలో పెద్దావిడ ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క.

“ఇప్పుడు మన చిన్నారులు మాండలిన్ మీద మోహన రాగం తిల్లానా వినిపిస్తారు,” అని అనురాధ గారు చదివారు. తెర లేచింది. ముందు వరసలో విశ్వనాథం గారు.

లీలావతి గారు లేచి అనురాధ గారి చేతిలోంచి మైకు తీసుకున్నారు. లాక్కోలేదు. అందించమన్నట్టు చెయ్యి చాపారు, అనురాధ గారు అలవాటు కొద్దీ ఇచ్చేశారు.

“ఇది తిల్లానా కాదండి. ఇది స్కాట్లాండ్ ట్యూన్. నాకు మోరాగ్ అనే ఆవిడ ఇచ్చింది. మేమిద్దరం మీ పిల్లలు తిన్న ట్రేలు కడిగేవాళ్ళం. ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది, ఆవిడ చేపలు కోసేది. మన ఇళ్ళల్లో ఎవరైనా గిన్నె ఇస్తే దాని మీద పేరుంటుంది. మనం వండుకుంటాం, తింటాం, పేరు మాత్రం చెరపం. నేనూ చెరపను.” మైకు తిరిగి ఇచ్చేస్తూ ఆగి, “ఇది చివర్న ఆగినట్టుండదు. తప్పు పిల్లలది కాదు. దాని తీరే అంత,” అన్నారు.

ముందు వరసలో విశ్వనాథం గారు చేతులు కట్టుకున్నారు.

సాన్వి మొదలుపెట్టింది. ఒక్కతే ఒక చుట్టు వాయించింది. రెండో చుట్టులో ఇద్దరు కలిశారు, మూడో చుట్టుకి అందరం. పన్నెండు వందల కళ్ళు పిల్లల మీదే ఉన్నాయి కాబట్టి తీగె మీటే పిక్ నా వేళ్ళలోంచి జారలేదు. అయిదో చుట్టు చివర రిషభం మీద అందరం ఒక్కసారిగా పిక్‌లు ఎత్తేశాం.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంకా ఉందని ఎదురుచూస్తున్నారు. ఎక్కడో వెనక వరసలో ఒక పెద్దాయన, “కరెంటు పోయిందా?” అన్నాడు. అప్పుడు కొందరు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఏం చెయ్యాలో తెలియక పక్కవాళ్ళని చూశారు. తర్వాత కూచిపూడి.

మంగళవారం ఈమెయిల్ వచ్చింది. ఇన్నాళ్ళ సేవకి కృతజ్ఞతలు, గది ఇకనుంచి యోగాకి. లీలావతి గారు దాన్ని నా ముందే చదివారు. తర్వాత ఒక్క వేలితో ఒక్కో అక్షరం కొడుతూ పిల్లల తల్లిదండ్రులందరికీ ఒక మెసేజ్ రాశారు. “మాండలిన్ క్లాసు శనివారం పదింటికి. నది పక్కన పార్కులో, రేకుల కప్పు ఉన్న బల్లల దగ్గర. వాన పడినా.”

ఆరుగురిలో ఎవరూ జవాబివ్వలేదు. షాపులో వెనక గదికి మాత్రం మాటలు వచ్చాయి. “లంచ్ ఆంటీకి పొగరు.” “పిల్లల్ని అడ్డం పెట్టుకుని స్టేజీ మీద సీన్ చేసింది.” ఒకావిడ, “పాపం ఎవరో పనిమనిషి కోసమట,” అంది. నేను ఆ రోజు కౌంటర్ దగ్గరే ఉన్నాను. ఆవిడ పచ్చిమిరపకాయలు తూకం వేస్తూ, “పనిమనిషి కాదండి. మోరాగ్,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆవిడ నన్ను చూసింది. ఆ షాపుకి ఆవిడ అయిదేళ్ళుగా వస్తోంది, ఇప్పుడే చూసింది.

శనివారం వాన పడింది. ఏప్రిల్‌లో బాతెల్‌లో పడే సన్నటి వాన, ఆగదు, పెరగదు. పరంధామయ్య గారు మడత కుర్చీలు ఎనిమిది దించారు, ఫ్లాస్కు పెట్టారు, స్కాట్లాండ్ వాళ్ళది అనుకుని ఎక్కడో కొన్న గళ్ళ టోపీ పెట్టుకున్నారు. పదయింది. ఎవరూ రాలేదు. నది మీద రెండు బాతులు వెళ్ళాయి. పదీ పది అయింది.

“ఎనిమిది కుర్చీలు ఎక్కువేనేమో,” అన్నారు పరంధామయ్య గారు.

“మడవకండి.” లీలావతి గారు వేళ్ళు రుద్దుకుంటున్నారు. కిచెన్‌లో నీళ్ళల్లో నానిన వేళ్ళు, చలికి బిగుసుకుపోతాయి. “నా చెయ్యి ఇంకా లొంగట్లేదు. నువ్వు మొదలెట్టు వేదా.”

నేను మాండలిన్ ఎత్తాను.

“ఊఁ, ముందు చెప్పు.”

మొదలుపెట్టేవాళ్ళే పేరు చెప్పాలి. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ మొదలుపెట్టలేదు, వెనక కలిశానంతే. ఖాళీ కుర్చీల వైపు చూశాను. “దీన్ని నాకు లీలావతి గారు ఇచ్చారు. ఆమెకి మోరాగ్ ఇచ్చింది. మోరాగ్‌కి వాళ్ళమ్మ.”

“వినపడలేదు,” అన్నారు లీలావతి గారు.

మళ్ళీ చెప్పాను. బాతులు తల తిప్పాయి.

“ఎవరైనా వచ్చేదాకా ఆపొద్దు,” అన్నారు.

వాయించాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి. ఏడో చుట్టుకో ఎనిమిదో చుట్టుకో ఆమె వేళ్ళు లొంగాయి, కలిశారు. తర్వాత లెక్క మర్చిపోయాను. తలుపు వేసే పాటే అయితే మేం ఎప్పుడో ముగించి, ఫ్లాస్కు ఖాళీ చేసి, కుర్చీలు మడుచుకుని ఇంటికి పోయేవాళ్ళం. ముగించడానికి దీంట్లో చోటే లేదు. వేలు నొప్పెడుతోంది. ఆపితే ఒప్పుకున్నట్టు. ఒప్పుకోదలచుకోలేదు, నేను కూడా.

పార్కింగ్‌లోకి ఒక కారు వచ్చింది. చాలాసేపు వైపర్లు తిరుగుతూనే ఉన్నాయి, ఎవరూ దిగలేదు. లోపల ఇద్దరు ఏదో వాదించుకుంటున్నట్టు తెలుస్తోంది. తర్వాత వెనక తలుపు తెరుచుకుని సాన్వి దిగింది. మాండలిన్ కేసు నెత్తి మీద గొడుగులా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కుర్చీలో కూర్చుని, కేసు తెరిచి, తీగెలు మీటి మొహం చిట్లించింది.

“వేదక్కా, ఇది అంతా అవుట్ ఆఫ్ ట్యూన్.”

“నువ్వే చేసుకో,” అన్నాను. నా చేతులు ఖాళీగా లేవు.

అనురాధ గారు కారు అద్దం దించారు. మా ఇద్దరి వైపూ కాకుండా నది వైపు చూస్తూ అడిగారు. “ఆంటీ, పికప్ ఎన్నింటికి?”

లీలావతి గారు వాయించడం ఆపలేదు. “ఇది అయ్యాక.”

అనురాధ గారు కొంచెంసేపు విన్నారు. ఇది అవదని ఆవిడకి ఇంట్లో ఆరు నెలలుగా తెలుసు. అయినా కారు వెనక్కి తిప్పలేదు. ఇంజను ఆపారు. వాన చినుకులు సీటు మీద పడుతున్నా అద్దం ఎత్తలేదు.